రస్సెల్ దొర చేపల పుస్తకం

రస్సెల్ దొర అనగానే రక్తపింజరి గుర్తొస్తుంది. ఇంగ్లీషులో ఆ పాముకు ఆయన పేరే. నాకు మాత్రం ఆయన చేపల పుస్తకమంటేనే గౌరవం.

అలెప్పోలో వైద్యం చేసిన ప్యాట్రిక్ రస్సెల్, సోదరుడు క్లాడ్ వెంట విశాఖపట్నం చేరి, 1785లో కంపెనీ ప్రకృతిశాస్త్రవేత్త అయ్యాడు. అక్కడ దొరికిన రెండువందల చేపలకు దేశీయ చిత్రకారుడిచేత బొమ్మలు వేయించాడు. 1803లో లండనులో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి.

విశేషమేమంటే, చేపలకు మన జాలర్లు చెప్పిన పేర్లే రాశాడు. వంజరం, కోనాం, గొరక! కళింగపట్నం రేవులో మనం అడిగేదీ ఆ పేర్లతోనే. ఇంగ్లీషు స్పెల్లింగులు వంకరే. కచేరీ రికార్డుల్లో మన ఊళ్ళ పేర్లు చూసినవారికది వింత కాదు.

రస్సెల్ 1805లో కన్నుమూశాడు. ముఖపత్రంపై ఆయన పేరుంది. బొమ్మలు గీసినవాడి పేరు లేదు.