శిశుసంరక్షణకు బాటవేసిన దుర్గాబాయమ్మగారు

పసిబిడ్డ ఆలనపాలన తల్లియొక్కతె భారము కాదు, సంఘమంతటి బాధ్యత యని ప్రభుత్వమునకు తెలియజెప్పినవారిలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు అగ్రగణ్యులు. ఆమె 1909 వ సంవత్సరము జూలై 15 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే వివాహమైనది. పెరిగిన పిదప ఆ బంధమును వీడి స్వతంత్రముగా నిలిచిరి. 1930లో మద్రాసున ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకేగిరి. నడుమ నాగిన చదువును విడుదలైన తరువాత అందుకొని, మెట్రిక్కు మొదలు న్యాయశాస్త్రము వరకు స్వయంకృషితో సాధించిరి. తోడి బాలికలకు పాఠములు చెప్పిన చిన్న సంఘమే 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపొందినది.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికైరి. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలైరి. 1953 జనవరిలో శ్రీ చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడిరి. ఆ ఆగస్టులోనే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. 1954లో ఆ మండలి ఆరంభించిన గ్రామ సంక్షేమ ప్రాజెక్టులలో బాలవాడి ముఖ్యాంగము. కూలికి బోవు తల్లి చంటిబిడ్డను పెద్దకూతురి చంకకెత్తును. ఆ పిల్ల బడి మానును. ఒక్క పసివాని సంరక్షణతో ఇద్దరి బ్రదుకులు ముడివడియున్నవి. ఆ ముడిని విప్పుటకు బాలవాడి సాధనమైనది. అందు ఆటపాటలతో బిడ్డకు బడి యలవాటగును. 1958లో చదువు మానిన వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును నెలకొల్పి, వారు ఉపాధ్యాయినులుగా, బాలసేవికలుగా నిలద్రొక్కుకొను మార్గమును చూపిరి. తాము నడచిన త్రోవయే కదా అది!

హైదరాబాదు పాతబస్తీలో లాడ్‌బజారుకు లక్కగాజులు చేయు స్త్రీలకును, జరీపనివారికిని ఈ చిక్కు తప్పలేదు. ఇంటి పనియే గాన తల్లి బిడ్డ చెంతనే యుండునని లోకము తలచును. లక్క కరగించు నిప్పుల దాపున ప్రాకులాడు పసివానిని కాచుచు పని సాగించుట కత్తిమీద సాము. 1975 అక్టోబరు 2 న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము అంగన్‌వాడీలను వాడవాడలకు చేర్చినది. పౌష్టికాహారము, టీకాలు, తొలిచదువు బిడ్డకు లభించినవి. అయినను తల్లి పని ప్రొద్దుగ్రుంకు వరకు. అంగన్‌వాడీ కొన్ని గంటలు మాత్రమే. అందు సేవచేయు స్త్రీకి ముట్టునది జీతము గాదు, గౌరవవేతనము. కావున ఆ ముడి సగమే వీడినది.

1975లో పద్మవిభూషణ పురస్కారమందిన దుర్గాబాయమ్మగారు 1981 మే 9 న పరమపదించిరి. ఆమె నడిపిన మండలి నేడు లేదు. పసిబిడ్డ నిశ్చింతగా నుండినగాని తల్లి చేతికి పని, అక్క చేతికి పలక దక్కవన్న సత్యము మాత్రము నిలిచియున్నది. మిగిలిన సగమును విప్పుట మనవంతు.