విత్తనములను వెదకిన విజ్ఞాని

ఒక దేశపు పైరునకు తెగులు సోకినప్పుడు, దానిని నిలుపగల గుణము వేఱొక దేశపు మాఱుమూల చేనిలో నుండవచ్చును. ఈ సత్యము నెఱిగి, దేశదేశములు తిరిగి విత్తనములను సేకరించిన మహనీయుడు నికొలాయ్ వావిలోవ్.

ఆయన 1887వ సంవత్సరమున రష్యాదేశమందలి మాస్కో నగరమున జన్మించెను. అచటనే వ్యవసాయశాస్త్రము నభ్యసించి, 1913లో ఇంగ్లండున కేగి, బేట్సన్ పండితునియొద్ద వంశపారంపర్యశాస్త్రమును నేర్చెను. 1921లో వోల్గానదీ ప్రాంతమున ఘోరక్షామము సంభవించి లక్షలాది ప్రజలు మరణించిరి. ఆ యేడే వావిలోవ్ పెట్రోగ్రాడ్ నగరమందలి సస్యపరిశోధనశాలకు అధిపతి యయ్యెను. అనావృష్టిని, చలిని, తెగుళ్లను తట్టుకొను వంగడములు కావలెనన్నచో, లోకమందలి పైరులన్నింటి విత్తనములను సేకరింపవలెనని నిశ్చయించెను.

1924లో ఆఫ్ఘనిస్థానపు కొండదారులలో పయనించెను. పిదప మధ్యధరా తీరదేశములు, అబిసీనియా, చైనా, జపాను, అమెరికా ఖండములు సందర్శించెను. పోయినచోట నెల్ల సంతలను, పొలములను పరికించి, గింజలను మూటగట్టి స్వదేశమునకు పంపుచుండెను. 1940 నాటికి ఆయన సంస్థలో సుమారు 2,50,000 నమూనాలు చేరెను. ఆయన అనుచరులు మెక్సికో కొండలనుండి తెచ్చిన అడవి బంగాళాదుంపను సాగురకములతో సంకరము చేసి, తెగులునకు లొంగని వంగడములను శాస్త్రజ్ఞులు సృజించిరి. వరి, వంగ, కంది, మామిడి మున్నగువానికి పుట్టినిల్లు భారతదేశ ప్రాంతమని వావిలోవ్ పేర్కొనెను.

అంతలో లైసెంకో అనువాడు వంశపారంపర్యశాస్త్రము అసత్యమని వాదించి, స్టాలిను ప్రాపు సంపాదించెను. వావిలోవ్ తాను నమ్మిన సత్యమును విడువలేదు. 1940 ఆగస్టులో ప్రభుత్వము ఆయనను బంధించెను. జనుల ఆకలి తీర్ప నెంచిన ఆ విజ్ఞాని తానే తిండి చాలక కృశించి, 1943 జనవరి 26న సరాతోవ్ చెఱసాలలో మరణించెను. 1955లో ఆయన నిర్దోషి యని ప్రభుత్వమే ప్రకటించెను.

ఆయన చెఱలోనుండగా, 1941 సెప్టెంబరులో జర్మను సేనలు ఆ పరిశోధనశాలగల నగరమును ముట్టడించెను. అప్పటికి దాని పేరు లెనిన్‌గ్రాడ్. సంస్థ ఉద్యోగులు కొందఱు ధాన్యపు నమూనాల నడుమనే ఆకలిచే ప్రాణములు విడిచిరి గాని, విత్తనములను భుజింపరైరి.

నేడు పెక్కు దేశములలో విత్తననిధులు కలవు. హైదరాబాదు చేరువ పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ అట్టి నిధిని కాపాడుచున్నది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనములు పలుదేశములనుండి అచటికి చేరి, అచటినుండి మరల పలుదేశములకు పోవుచున్నవి. విత్తనము నిచ్చిన దేశమునకును, పుచ్చుకొనిన దేశమునకును దానివలన మేలే కలుగును.