మన దరిశి చెంచయ్యను మనమే మరిచిపోతే ఎట్టా?

పోయిన నెల దర్శి బస్టాండు కాడ టీ తాగతా నలుగురు డిగ్రీ పిల్లోళ్ళను అడిగా, దరిశి చెంచయ్య ఎవరో తెలుసా అని. ఒకడు ఫోను తీశాడు. ఇంకొకడు మా ఊరి కిరాణా కొట్టాయనా అన్నా అన్నాడు. నవ్వొచ్చింది, ఆనక బాధేసింది. వాళ్ళను అనేదేముంది? పదో తరగతితో బడి మానేసిన నాకు కూడా ముప్పై ఏళ్ళు దాటిందాకా తెలవదు. పాత పుస్తకాల్లో ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' దొరికితే తెలిసింది.

ఇంటిపేరు మన ఊరిది, పుట్టింది కనిగిరిలో, 1890లో, ఒక వైశ్య కుటుంబంలో. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది వచ్చింది 1970లో. కనిగిరి, దర్శి రెండూ నెల్లూరు జిల్లా కిందే ఉండేయి. వాన కోసం మొగులు చూసే ఈ మెట్ట నేల నుంచి ఆయన 1912లో ఓడెక్కి అమెరికా పోయాడు. ఎందుకనుకున్నారు? వ్యవసాయం చదవటానికి.

అక్కడ ఇంకో చదువు ఎదురైంది. పొలాలు, అప్పులు ఇడిసిపెట్టి వచ్చిన పంజాబు రైతుబిడ్డలు కలప మిల్లుల్లో, తోటల్లో కూలి చేస్తున్నారు. తెల్లోడికిచ్చే కూలి వీళ్ళకియ్యరు, పైగా ఈసడింపులు. ఇంటికాడ బానిసైనోడికి పరాయి దేశంలో మర్యాద యాడుంటది? ఆ మంటలోంచే 1913లో గదర్ పార్టీ పుట్టింది. గదర్ అంటే తిరుగుబాటు. సోహన్ సింగ్ భక్నా, హరదయాళ్ లాంటోళ్ళు ముందు నడిచారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పత్రిక తీశారు. ఆ పంజాబీల నడుమ మన కనిగిరి కుర్రోడు నిలబడ్డాడు.

1914లో యూరపులో యుద్ధం మొదలైంది. ఇంగ్లీషోడు అక్కడ ఇరుక్కున్నాడు, ఇదే అదునని గదర్ వాళ్ళు స్వదేశం బయల్దేరారు. కొందరు సయాం నుంచి, అంటే ఇప్పటి థాయిలాండు నుంచి, బర్మాలోకి దిగాలని చూశారు. చెంచయ్యది ఆ దారి. కుట్ర ముందే బయటపడింది. పంతొమ్మిదేళ్ళ కర్తార్ సింగ్ సరాభాను 1915 నవంబరులో లాహోరులో ఉరి తీశారు. చెంచయ్య అదే ఏడు పట్టుబడ్డాడు. చదువుకుని వస్తాడని ఎదురుచూసిన బిడ్డ ఖైదీగా ఈ దేశం చేరాడు. 1919 దాకా జైలే.

ఇంతవరకు చెబితే మనోళ్ళు చప్పట్లు కొడతారు. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి కథ. బయటికొచ్చాక ఆయన గదర్ వీరుణ్ణని దండలేయించుకుంటా కూర్చోలా. వితంతువులకు మళ్ళీ పెళ్ళి చేయాలని, ఒళ్ళమ్ముకునే బతుకులో పడ్డ ఆడోళ్ళను బయటికి తేవాలని తిరిగాడు. తెల్లోణ్ణి తిడితే ఊరు మెచ్చుకుంటది. మన ఇంట్లో, మన కులంలో ఉన్న కుళ్ళును తిడితే ఆ ఊరే మొహం తిప్పుకుంటది. ఆయన రెండూ చేశాడు. రెండోదే కష్టమని నాకనిపిస్తది.

1964లో కన్నుమూశాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనం కూడా హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫు అని ఊరిడిసి పోతన్నాం. పోవటం తప్పు కాదు. యాడున్నా పక్కన కూలి చేసేవాడి బాధ కనపడిందా, తిరిగొచ్చినాక మన గడపలోని అన్యాయాన్ని అడిగామా, అదే లెక్క. మీ కాలేజీ లైబ్రరీలో ఆ పుస్తకం ఉందేమో రేపే అడగండి. లేకపోతే తెప్పించమని కాయితం రాసివ్వండి.