ఆర్సన్ వెల్స్ - బఠాణీల ప్రకటన

సినిమా అంటే ఇష్టమున్న వారికి ఆర్సన్ వెల్స్ పేరు కొత్త కాదు. 1915 మే 6న అమెరికాలోని కెనోషా పట్టణంలో పుట్టాడు. తొమ్మిదో ఏట తల్లి, పదిహేనో ఏట తండ్రి పోయారు. పదహారేళ్ళకే ఐర్లండు చేరి, డబ్లిన్ గేట్ థియేటర్లో వేషాలు కట్టాడు. 1938లో అంగారకవాసులు భూమి మీద పడ్డట్టుగా, వార్తల ఫక్కీలో ఆయన వినిపించిన రేడియో నాటకం నిజమేననుకుని కొందరు శ్రోతలు హడలిపోయారు. 1941లో ‘సిటిజన్ కేన్’ విడుదలయ్యేనాటికి ఆయనకు పాతికేళ్ళే.

తర్వాత బతుకు అంత సాఫీగా సాగలేదు. తన సినిమాలకు పెట్టుబడి పుట్టడం కష్టమైంది. ఇతరుల సినిమాల్లో నటించి, ప్రకటనలకు గొంతు అరువిచ్చి, వచ్చిన డబ్బు సొంత చిత్రాల్లో పోశాడు.

అలాంటి పని మీదే 1970 ప్రాంతంలో ఫిండస్ కంపెనీ వారి బ్రిటిష్ టీవీ ప్రకటనలు చదవడానికి మైకు ముందు కూర్చున్నాడు. సరుకు గడ్డకట్టించిన బఠాణీలు. తెర మీద మంచు కప్పిన పొలం, మాటల్లో జులైలో పండే పంట. మంచు కనబడుతుండగానే జులై మాట వినబడాలి, సరదా అంతా ఆ తేడాలోనే ఉందని ఆయన వాదన. చదివించేవారేమో ‘జులైలో’ అనే చోట ‘లో’కు సమానమైన ‘ఇన్’ అనే ఇంగ్లీషు మాటను నొక్కి పలకమన్నారు. తెలుగులో ‘లో’ ఒక్కదాన్నే నొక్కి పలికి చూడండి, చిక్కేమిటో తెలుస్తుంది. వెల్స్ ఒప్పుకోలేదు. చేపల ప్రకటన, మాంసం ప్రకటన దాకా వాదన సాగి, చివరికి లేచి వెళ్ళిపోయాడు. ఆ టేపు చేతులు మారి, లోకమంతా విని నవ్వుకుంది.

నవ్వడం తేలికే. కాని తప్పు ఒక్కవైపే లేదు. విత్తనం ఎంత లోతున పడాలో రైతు చెబుతాడు గాని, కూలీ చెయ్యి ఎట్లా తిప్పాలో చెప్పడు. వినేవాడి మనసు దేని మీద నిలవాలో చెప్పి ఉంటే, ఎక్కడ నొక్కాలో వెల్స్ చూసుకునేవాడే. ఎందుకు నొక్కమంటున్నారని నెమ్మదిగా అడిగి ఉంటే ఆయనకీ పోయేదేమీ లేదు. గొంతు ఎంత గొప్పదైనా, చెప్పేవాడి ఉద్దేశం వెతికి పట్టుకోవడం కూడా చదివేవాడి పనే గదా!

ఆ 1970లోనే ‘ది అదర్ సైడ్ ఆఫ్ ది విండ్’ అనే సినిమా మొదలుపెట్టాడు. అది పూర్తికాకుండానే 1985 అక్టోబర్ 10న కన్నుమూశాడు. మిగిలిన పని ఇతరులు ముగించి 2018లో విడుదల చేశారు.