ఆవిరి టర్బైను పితామహుడు సర్ చార్లెస్ పార్సన్స్

పడవకు వేగం కావాలంటే ఇంజను శక్తిని పెంచితే చాలునని మనలో పలువురు భావిస్తారు. నది దాటించే చిన్న లాంచీ మొదలు మహాసముద్రాలు దాటే ఓడ వరకు, నౌకాయాన చరిత్ర ఈ అభిప్రాయం అర్ధసత్యమేనని చెబుతున్నది. ఇంజను ఎంత బలమైనదైనా ఆ బలాన్ని నీటికి అందించేది వెనుక తిరిగే ప్రొపెల్లరు. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతే ఇంజను బలమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ సత్యాన్ని నష్టపడి తెలుసుకొని, లోకానికి ఉపకరించేలా మలచిన మహనీయుడు సర్ చార్లెస్ అల్గెర్నన్ పార్సన్స్. ఆయన జీవితాన్ని విద్యార్థుల ముందుంచడం మా ఉద్దేశం.

పార్సన్స్ 1854 జూన్ 13న లండనులో జన్మించారు. తండ్రి విలియం పార్సన్స్ ఐర్లండుకు చెందిన మూడవ రాస్ ప్రభువు. బర్ కోటలో ఆరడుగుల వ్యాసం గల అద్దంతో మహా దూరదర్శినిని నిర్మించిన ఖగోళ శాస్త్రవేత్త ఆయనే. కనిష్ఠ పుత్రుడైన చార్లెస్ పాఠశాలకు వెళ్ళలేదు. ఇంటివద్దనే ఉపాధ్యాయుల శిక్షణలోను, తండ్రిగారి కార్ఖానాలోని పనిముట్ల మధ్యను పెరిగారు. పిమ్మట డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలోను గణితం చదివి 1877లో పట్టభద్రులయ్యారు. ప్రభువుల బిడ్డకు సుఖజీవనం అందుబాటులోనే ఉన్నది. అయినను ఆయన దానిని కోరక, న్యూకాసిల్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కార్ఖానాలో పని నేర్చుకొనుటకు చేరారు.

1884లో గేట్స్‌హెడ్‌లోని క్లార్క్ చాప్‌మన్ సంస్థలో భాగస్వామిగా చేరిన ఏడాదే ఆయన ఆవిరి టర్బైనును రూపొందించారు. అంతకు ముందు ఆవిరియంత్రాలలో ముషలకం ముందుకు వెనుకకు కదిలేది. ఆవిరిని నేరుగా చక్రంపై ప్రయోగించవలెనన్న ఊహ పాతదే. కాని అధిక పీడనంలోని ఆవిరి ఒక్కసారిగా వెలువడితే దాని వేగాన్ని ఏ చక్రమూ అందుకోలేదు. పార్సన్స్ ఆ పీడనాన్ని ఒక్కపెట్టున వదలక, అనేక వరుసల రెక్కల మీదుగా కొద్దికొద్దిగా తగ్గించారు. కొండపైనుండి దూకే నీటిని మెట్లమీదుగా దింపి, మెట్టు మెట్టున పని చేయించుకోవడం వంటిదే ఈ ఉపాయం. ఆయన మొదటి యంత్రం నిమిషానికి 18,000 చుట్లు తిరిగి విద్యుత్తును ఉత్పత్తి చేసినది.

1889లో ఆయన భాగస్వామ్యం నుండి వైదొలగి హీటన్‌లో సొంత కార్ఖానా స్థాపించారు. అయితే పేటెంటు హక్కులు పాత సంస్థ వద్దనే మిగిలిపోయాయి. తాను కనిపెట్టిన మార్గంలో తానే నడువలేని దుస్థితి ఏర్పడినది. ఆయన కుంగిపోక, ఆవిరి మరొక దిశలో ప్రవహించే టర్బైనులతో ఐదేళ్ళు పని సాగించి, 1894లో తన హక్కులను తిరిగి పొందారు.

అదే సంవత్సరం టర్బీనియా అనే నౌక నీటిలోకి దిగినది. దాని పొడవు 100 అడుగులకు కొంచెం ఎక్కువ, వెడల్పు 9 అడుగులు, బరువు సుమారు 44 టన్నులు. దానిపై పార్సన్స్ తన కీర్తిని, మిత్రుల ధనాన్ని పణంగా పెట్టారు. కాని తొలి పరీక్షలలో వేగం 20 నాట్లయినా అందలేదు. ఒకటి తరువాత ఒకటిగా ఏడు రకాల ప్రొపెల్లర్లను మార్చి చూసినా ఫలితం లేకపోయినది.

ఇక్కడ ప్రొపెల్లరును గురించి కొంత చెప్పవలసి ఉన్నది. దానిని మరమేకుతో పోల్చవచ్చు. ఒక చుట్టు తిరిగితే అది ఎంత దూరం ముందుకు సాగవలెనో ఆ దూరాన్ని పిచ్ అంటారు. పిచ్ మితిమీరితే ఇంజను ఆ భారం మోయలేక తన పూర్తి చుట్లను అందుకోదు. పిచ్ చాలకపోతే ఇంజను ఊరకనే పరుగెత్తుతుంది, పడవ మాత్రం సాగదు. నేటికీ పాత మోటారు పడవకు కొత్త ఇంజను అమర్చేవారు గేర్ల నిష్పత్తిని, ప్రొపెల్లరు వ్యాసాన్ని, పిచ్‌ను కలిపి లెక్కించవలసినదే.

అటువంటి సమయంలో సామాన్యులు ఇంజనును నిందించి, ఇంకా పెద్దది తెమ్మంటారు. పార్సన్స్ అలా చేయలేదు. ఇంజనుకు, ప్రొపెల్లరు ఇరుసుకు నడుమ స్ప్రింగుతో కూడిన కొలమాన సాధనాన్ని అమర్చి, ఎంత బలం చేరుతున్నదో కొలిచారు. టర్బైను నిర్దోషియని, లోపమంతా ప్రొపెల్లరుదేనని తేలినది. అతివేగంగా తిరిగే రెక్కల వెనుక నీటి పీడనం పడిపోయి, చల్లని నీరు సైతం ఆవిరై బోలుతనం ఏర్పడుతున్నది. రెక్కలకు పట్టు దొరకడం లేదు. దీనినే కావిటేషన్ అంటారు. డేరింగ్ అనే యుద్ధనౌక పరీక్షలలో థార్నీక్రాఫ్ట్, బార్నబీలు కూడా ఈ విషయాన్ని గమనించి ఉన్నారు.

పార్సన్స్ దానిని కంటితో చూడదలచారు. మరుగుకు దగ్గరపడిన వేడినీటిలో బోలుతనం తక్కువ వేగానికే ఏర్పడునని గ్రహించి, తొట్టిలో చిన్న ప్రొపెల్లరును త్రిప్పి చూశారు. 1895లో నీరు చుట్టి ప్రవహించే చిన్న సొరంగాన్ని నిర్మించి, రెప్పపాటు వెలుగుల సాయంతో, తిరిగే రెక్కలను నిలిచినట్లు చూడగలిగారు. రెక్కల వైశాల్యం పెరగవలెనని, బలాన్ని పలుచోట్ల పంచవలెనని నిశ్చయించారు. ఒక్క టర్బైనును తీసివేసి మూడింటిని, ఒక్క ఇరుసుకు బదులు మూడింటిని, ఒక్కొక్క ఇరుసుకు మూడేసి ప్రొపెల్లర్లను అమర్చారు. ఆ తొమ్మిది ప్రొపెల్లర్లతో టర్బీనియా 34 నాట్లకు మించి, అనగా గంటకు 63 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెత్తినది.

1897 జూన్ 26న విక్టోరియా రాణి వజ్రోత్సవాల సందర్భంగా స్పిట్‌హెడ్‌లో నౌకాదళ ప్రదర్శన జరిగినది. బారులు తీరిన యుద్ధనౌకల నడుమ టర్బీనియా దూసుకుపోగా కావలి పడవలు దానిని పట్టలేకపోయాయి. బ్రిటిష్ నౌకాదళం టర్బైను నౌకలను నిర్మింపజేసినది. కాని 1901లో వైపర్ బండలకు తగిలి పగిలినది. కోబ్రా ఉత్తర సముద్రంలో విరిగి మునిగినది. కోబ్రాతోపాటు 67 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ ప్రమాదాలకు టర్బైను కారణం కాకపోయినా, ఆ దుఃఖం పార్సన్స్‌ను వెన్నాడక మానలేదని మేము భావిస్తున్నాము. అదే ఏట కింగ్ ఎడ్వర్డ్ అనే ప్రయాణికుల నౌక క్లైడ్ జలాలలో టర్బైనుతో విజయవంతంగా నడిచినది. 1906లో డ్రెడ్‌నాట్ యుద్ధనౌక, 1907లో మారిటేనియా మహానౌక టర్బైనులతోనే సాగాయి.

అయినను ఒక చిక్కు మిగిలినది. టర్బైనుకు వేగం హితం, ప్రొపెల్లరుకు నిదానం హితం. ఈ కలహాన్ని తీర్చుటకు పార్సన్స్ 1909లో వెస్పేసియన్ అనే పాత సరుకు ఓడను కొన్నారు. ముందుగా దాని పాత ఇంజనును బాగుచేయించి, బొగ్గు ఖర్చును కొలిపించారు. తరువాత గేర్లతో కూడిన టర్బైనును అమర్చి మరల కొలిచారు. బొగ్గులో నూటికి సుమారు 15 వంతులు ఆదా అయినది. పాతదాని శక్తిని నిజాయితీగా కొలిచిన తరువాతనే కొత్తదానిని పొగడవలెనన్న న్యాయబుద్ధి ఇందులో కనిపిస్తున్నది.

ఆయనకు అన్నిటా విజయం లభించలేదు. కృత్రిమ వజ్రాల తయారీకై ఏళ్ళ తరబడి శ్రమించి విఫలులయ్యారు. ఏకైక కుమారుడు 1918లో యుద్ధంలో మరణించాడు. భార్య కేథరిన్, కుమార్తె రేచల్ 1919లో స్త్రీ ఇంజనీర్ల సంఘాన్ని స్థాపించినవారిలో ఉన్నారు. రేచల్ దాని తొలి అధ్యక్షురాలు. మా విద్యార్థినులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించవలెను. 1911లో సర్ బిరుదును, 1927లో ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను పొందిన పార్సన్స్, 1931 ఫిబ్రవరి 11న జమైకాలోని కింగ్‌స్టన్ రేవులో ఓడపైనే కన్నుమూశారు.

టర్బీనియా నేడు న్యూకాసిల్ మ్యూజియంలో ఉన్నది. కొత్తగూడెంలోను, రామగుండంలోను బొగ్గును విద్యుత్తుగా మార్చే కేంద్రాలలో తిరిగేవి కూడా ఆవిరి టర్బైనులే. మనం రాత్రివేళ చదువుకొనే దీపానికి ఆ విధంగా ఆయనతో సంబంధమున్నది. పని చెడినప్పుడు మరింత బలం కోరడం సులభం. బలం ఎక్కడ వృథా అవుతున్నదో ఓపికతో కొలిచి చూడడమే విద్య. మా విద్యార్థులు ప్రయోగశాలలో తప్పు ఫలితం వచ్చిననాడు ఏడు ప్రొపెల్లర్లు విఫలమైన ఆ ఇంజనీరును ఒక్కసారి తలచుకొని, కొలబద్దను మరల చేతికి తీసుకొందురు గాక.