యాపిల్ ముక్కలతో మొదలైన చల్లగాలి లెక్క

చంద్రపూర్‌లో మే నెల ఎలా ఉంటుందో మనలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎండ 47 డిగ్రీలు దాటిన రోజులు కూడా చూశాం. రాత్రి పదింటికీ స్లాబు సెగ తగ్గదు. గనుల క్వార్టర్లలోనూ, బల్లార్‌పూర్ కాగితం మిల్లు పరిసరాల్లోనూ ఉంటున్న మన తెలుగు ఇళ్లలో ఏటా ఒకటే చర్చ: ఏసీ పెట్టిద్దామా, కూలర్‌తోనే సరిపెట్టుకుందామా? పిల్లల చదువు, నిద్ర ఒకవైపు. నెలనెలా వచ్చే కరెంటు బిల్లు ఇంకోవైపు. ఆధునిక ఏసీకి ఆద్యుడైన విల్లిస్ క్యారియర్ జీవితంలో ఈ చర్చను తేల్చుకునే పద్ధతి ఒకటి దొరుకుతుంది. అందుకే ఈ వారం ఆయన గురించి చెప్పుకుందాం.

క్యారియర్ 1876 నవంబరు 26న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, అంగోలా అనే ఊరి దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు ఆయనకు భిన్నాలు అర్థమయ్యేవి కావు. తల్లి ఎలిజబెత్ కొన్ని యాపిల్ పండ్లు తెప్పించి, సగాలుగా, పావులుగా, అరపావులుగా కోసి, వాటిని కలుపుతూ తీసేస్తూ లెక్క చెప్పింది. పెద్ద సమస్యను చిన్న ముక్కలుగా విడగొడితే తేలికవుతుందని ఆ రోజే తెలిసిందని ఆయన పెద్దయ్యాక కూడా చెప్పుకునేవారు. ఆయనకు పదకొండేళ్లప్పుడు ఆ తల్లి చనిపోయింది. ఆమె నేర్పిన పద్ధతి మాత్రం జీవితాంతం ఆయనతోనే ఉంది.

ఇంట్లో కాలేజీకి పంపే స్థోమత లేదు. స్కాలర్‌షిప్ పరీక్ష రాసి కార్నెల్ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకున్నారు. గడ్డి కోయడం, బల్లల దగ్గర వడ్డించడం వంటి పనులు చేస్తూ తిండి ఖర్చు సంపాదించుకున్నారు. 1901లో ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని బఫెలో ఫోర్జ్ అనే కంపెనీలో వారానికి 10 డాలర్ల జీతంతో చేరారు. ఆ కంపెనీ ఫ్యాన్లు, బ్లోయర్లు, వేడిచేసే పరికరాలు తయారుచేసేది.

మరుసటి ఏడాది బ్రూక్లిన్ నుంచి ఒక ప్రింటింగ్ ప్రెస్ సమస్య ఆయన బల్ల మీదికి వచ్చింది. శాకెట్ విల్‌హెల్మ్స్ అనే ఆ ప్రెస్‌లో రంగుల బొమ్మలు అచ్చు వేసేవారు. ఒక్కో రంగు విడిగా పడాలి. వేసవిలో గాలిలో తేమ పెరిగితే కాగితం సాగేది, తగ్గితే ముడుచుకునేది. దాంతో ఒక రంగు మీద ఇంకో రంగు సరిగా కుదిరేది కాదు. వానాకాలంలో పిల్లల నోటు పుస్తకాలు మెత్తబడడం చూసిన మనకు ఈ బాధ ఇట్టే అర్థమవుతుంది. క్యారియర్ గాలిని చల్లని గొట్టాల మీదుగా పంపి, అందులోని తేమను నీటి చుక్కలుగా దించేసే ఏర్పాటు గీశారు. ఆ నక్షాల తేదీ 1902 జూలై 17. తేమను ఏడాది పొడుగునా 55 శాతం దగ్గర ఉంచడమే దాని లక్ష్యం. అంటే మొదటి ఏసీ పెట్టింది మనుషుల సుఖం కోసం కాదు, కాగితం కోసం.

ఆ యంత్రం రోజుకు సుమారు 54 టన్నుల మంచు కరిగితే వచ్చేంత చల్లదనం ఇచ్చేలా లెక్క కట్టారు. ఇప్పుడు దుకాణంలో ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అని మనం వినే మాట ఈ మంచు లెక్కే. అది యంత్రం బరువు కాదు. ఒక టన్ను మంచు ఒక రోజంతా కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, ఒక టన్ను ఏసీ అంత వేడిని గదిలోంచి బయటికి పంపగలదు.

క్యారియర్ అక్కడితో ఆగలేదు. పొగమంచు కమ్మిన ఒక రాత్రి పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా, ఎంత చల్లని గాలి ఎంత తేమను మోయగలదో లెక్క కుదిరితే తేమను మన చేతిలో ఉంచుకోవచ్చని తోచింది. ఆ ఆలోచనతో చేసిన పరికరానికి 1906 జనవరి 2న పేటెంటు వచ్చింది. 1911లో గాలి, వేడి, తేమల సంబంధాన్ని సూత్రాలుగా రాసి అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు పెట్టారు. ఈ రంగంలోని ఇంజినీర్లు ఆ బాటలోనే లెక్కలు కడుతున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక బఫెలో ఫోర్జ్ ఈ విభాగాన్ని తగ్గించుకుంది. 1915లో ఆయన, మరో ఆరుగురు ఇంజినీర్లు సొంత డబ్బు పోగేసి క్యారియర్ ఇంజినీరింగ్ కార్పొరేషన్ పెట్టారు. మిల్లులు, కర్మాగారాలు కొన్నాయి. ఇళ్లు మాత్రం దూరంగానే ఉన్నాయి. 1914లో మినియాపొలిస్‌లో గేట్స్ అనే ధనవంతుడి భవనంలో పెట్టిన ఏసీ పొడవే 20 అడుగులు. దాన్ని కట్టించుకున్న యజమాని అంతకుముందు ఏడాదే చనిపోయాడు. పైగా అప్పట్లో శీతల యంత్రాల్లో అమ్మోనియా ఎక్కువగా వాడేవారు, అది లీకైతే ప్రమాదం. క్యారియర్ 1922లో తక్కువ ప్రమాదకరమైన ద్రవంతో నడిచే కొత్త యంత్రం తెచ్చారు. 1925లో న్యూయార్క్ రివోలి థియేటర్‌లో దాన్ని పెట్టారు. మొదటిరోజు జనం విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. హాలు చల్లబడేకొద్దీ విసనకర్రలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వేసవిలో ఖాళీగా ఉండే థియేటర్లు ఆ తర్వాత నిండసాగాయి.

1928లో ఇళ్ల కోసం వెదర్‌మేకర్ అనే యంత్రం తెచ్చారు. మరుసటి ఏడాదే ఆర్థిక మాంద్యం వచ్చి అమ్మకాలను దెబ్బతీసింది. 1950 అక్టోబరు 7న క్యారియర్ కన్నుమూసేనాటికి ఇంటి ఏసీ ఇంకా కొద్దిమంది సొత్తే. సామాన్యుల గదుల్లోకి అది వచ్చింది ఆయన పోయాకే.

ఇక మన ఇంటి లెక్క. యాపిల్‌ను కోసినట్టు దీన్నీ ముక్కలు చేద్దాం.

మొదటి ముక్క, వేడి ఎక్కడినుంచి వస్తోంది. పైఅంతస్తు స్లాబా, పడమటి కిటికీయా, గదిలో ఉండే మనుషులా? స్లాబుకు తెల్ల సున్నం, కిటికీకి మందపాటి పరదా, బయట నీడ చూసుకున్నాకే టన్నులు ఎన్నుకోవాలి. లేకపోతే ఆ వేడిని తోడడానికి ప్రతి నెలా డబ్బు కడుతూనే ఉంటాం.

రెండో ముక్క, తేమ. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది. అప్పుడు నీటితో నడిచే కూలర్ బాగా పనిచేస్తుంది, కరెంటు ఏసీలో చిన్న వంతే తింటుంది. కిటికీ తెరిచి ఉంచాలి, దోమలు పెరగకుండా వారానికోసారి తొట్టి నీళ్లు మార్చాలి. జూన్ చివర వానలు పడ్డాక గాలి తేమెక్కితే కూలర్ ఉక్కపోత పెంచుతుంది. అప్పుడు తేమను తీసేసే ఏసీయే గతి. మీ ఇంట్లో ఏ నెలలు ఎక్కువ బాధిస్తున్నాయో దాన్నిబట్టి నిర్ణయించుకోవాలి.

మూడో ముక్క, కొనేనాటి ఖర్చు. యంత్రం ధర ఒక్కటే చూస్తే చాలదు. బిగింపు, అదనపు రాగి గొట్టం, విడి వైరింగు, ఎంసీబీ, సరైన ఎర్తింగు, అవసరమైతే స్టెబిలైజరు, మహావితరణ్‌లో లోడు పెంచుకునే రుసుము కూడా ఉంటాయి. పాత క్వార్టరు వైరింగు మీద ఏసీ వేయడం నిప్పుతో చెలగాటమే.

నాలుగో ముక్క, నెలనెలా ఖర్చు. సగటున గంటకు ఒక యూనిట్ అనుకుంటే, రాత్రి 8 గంటల చొప్పున నెలకు 240 యూనిట్లు. మామూలుగా 120 యూనిట్లు కాల్చే ఇల్లు 360కి చేరుతుంది. మన బిల్లులో 100, 300, 500 యూనిట్ల దగ్గర శ్లాబు మారుతుంది, పైశ్లాబులో పడిన యూనిట్లకు ధర ఎక్కువ. స్టారు లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. అది 1,600 గంటల వాడకం లెక్క. మీరు ఎన్ని గంటలు వేస్తారో దాన్నిబట్టి సరిచూసుకోండి. రోజూ వేసే ఇంటికి ఐదు స్టార్ల అదనపు ధర కొన్నేళ్లలో తిరిగి రావచ్చు. ఏడాదికి నాలుగు వారాలు వేసే ఇంటికి అంత తేలిగ్గా రాదు. 18లో పెట్టడం మాని 24 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోవాలి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది.

ఇంకో మాట. గదిలోంచి తీసిన వేడి మాయమైపోదు, వీధిలోకి వెళ్తుంది. కరెంటు మన పక్కనే ఉన్న థర్మల్ కేంద్రంలో మన బొగ్గుతోనే తయారవుతోంది. ఆ ఎండ, ఆ బూడిద మళ్లీ మన మీదికే. ఇది ఏసీ వద్దని చెప్పడం కాదు. పసిపిల్లలు, ముసలివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో వేడిగాలుల రోజున అది ప్రాణాన్ని కాపాడవచ్చు. ఇల్లంతా కాకుండా అందరూ పడుకునే ఒక్క గదికి పెట్టుకున్నా చాలు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ లెక్క ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఇంటి కరెంటు బిల్లు ఒకటి తెమ్మని చెప్పి, గంటలు, యూనిట్లు, శ్లాబులు తెలుగులో వారిచేతే లెక్క కట్టించండి. ఆ కాగితాన్ని తల్లిదండ్రులు చూసి, దుకాణానికి వెళ్లే ముందు ఒకసారి చర్చించుకుంటే ఏసీ కొన్నా మానినా ఆ నిర్ణయం ఇంటికి భారం కాదు.