మంచు మైదానపు మెరుపు – హౌవీ మోరెంజ్

హాకీ అనగానే మనవాళ్ళకు ధ్యాన్ చంద్ గుర్తుకొస్తాడు. 1928, 1932, 1936 ఒలింపిక్సులలో ఆయన ఆట చూసి ప్రపంచం ముక్కున వేలేసుకుంది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే, కెనడా దేశంలో మరొక రకం హాకీలో మరొక మనిషి పేరు మారుమోగిపోయింది. అది గడ్డి మీద ఆడే హాకీ కాదు. గడ్డకట్టిన మంచు మీద, కాళ్ళకు ఇనుప స్కేట్లు కట్టుకుని, నల్లటి రబ్బరు బిళ్ళను కర్రతో తరుముతూ ఆడే హాకీ. ఆ ఆటగాడు హౌవీ మోరెంజ్. ఆయన కీర్తిని కాళ్ళే సంపాదించి పెట్టాయి. చివరకు ఆయన ప్రాణం పోవడానికీ ఆ కాలే కారణమైంది. అందుకే ఈ జీవితం తెలుసుకోదగ్గది.

మోరెంజ్ 1902 సెప్టెంబరు 21న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మిచెల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. జర్మనీ నుంచి వలస వచ్చినవారి వంశం. చలికాలంలో ఊరి నది గడ్డకడితే పిల్లలందరికీ అదే మైదానం. మొదట్లో మోరెంజ్ గోలు కాసేవాడు. అది అచ్చిరాలేదు. ముందు వరుసలోకి మారాడు. అక్కడ దొరికింది ఆయనకు అసలు చోటు. తర్వాత కుటుంబం స్ట్రాట్‌ఫర్డ్ పట్టణానికి చేరింది. అక్కడ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుంటూ, సాయంత్రాలు ఆడుకుంటూ పేరు తెచ్చుకున్నాడు.

1923లో మాంట్రియాల్ కెనేడియన్స్ అనే పెద్ద జట్టు ఆయనతో ఒప్పందం కుదుర్చుకుంది. సంతకమైతే చేశాడు గాని, తర్వాత గుండె జారిపోయింది. చేతిలో పని ఉంది, సొంత ఊరుంది. ఆ మహానగరంలో, ఆ కొమ్ములు తిరిగిన ఆటగాళ్ళ మధ్య తాను నిలవగలనా అని భయం. ఒప్పందం రద్దు చేయమని అడిగాడు. జట్టు యజమాని లియో డాండ్యురాండ్ ససేమిరా అన్నాడు. అలా భయపడుతూ వెళ్ళిన కుర్రవాడే మొదటి సీజనులోనే, 1924లో, జట్టుకు స్టాన్లీ కప్పు తెచ్చిపెట్టినవారిలో ఒకడయ్యాడు.

మనిషి భారీ విగ్రహమేమీ కాదు. అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. కాని వేగం ఉంది చూశారూ, అది అంతకుముందు ఎవరూ చూడనిది. బిళ్ళ అందుకున్నాడంటే అవతలి జట్టు నడిమధ్య నుంచి బాణంలా దూసుకుపోయేవాడు. 1929–30 సీజనులో 44 ఆటలలో 40 గోళ్ళు కొట్టాడు. లీగు మొత్తంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని 1928, 1931, 1932లలో మూడుసార్లు అందుకున్నాడు. 1930లోనూ, 1931లోనూ జట్టుకు మళ్ళీ స్టాన్లీ కప్పు దక్కింది.

మరో సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కెనేడియన్స్ జట్టంటే మాంట్రియాల్‌లోని ఫ్రెంచి మాట్లాడే ప్రజల సొంత జట్టు. మోరెంజ్ వాళ్ళ భాషవాడు కాదు, వాళ్ళ జాతివాడూ కాదు. అయినా ఆ జనం ఆయన్ని తమ ఇంటిబిడ్డగా చూసుకున్నారు. ఆయనా అంతే. జట్టు ఓడిన రాత్రి నిద్రపట్టక వీధుల వెంట తిరిగేవాడట. ఆట ఆయనకు ఉద్యోగం కాదు, ఊపిరి అన్నమాట.

ఇంత వేగంగా ఆడేవాడికి దెబ్బలు తప్పవు. ఆ రోజుల్లో తలకు శిరస్త్రాణం లేదు, ఒంటికి సరైన రక్షణ లేదు. ఎదుటివాళ్ళంతా ఆయన్నే లక్ష్యంగా పెట్టుకునేవారు. ముప్పై దాటేసరికి శరీరం లెక్క అప్పజెప్పడం మొదలుపెట్టింది. 1932–33లో గోళ్ళు 14కు పడిపోయాయి. 1933–34లో చీలమండ దెబ్బ తిని కొన్నాళ్ళు ఆటకు దూరమయ్యాడు. ఆ సీజను మొత్తానికి ఎనిమిదే గోళ్ళు. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న సొంత ఊరి ప్రేక్షకులే ఆయన్ని ఎగతాళి చేసి అరిచారు. కాలి నొప్పి కంటె ఈ నొప్పి ఎక్కువ బాధించిందంటే ఆశ్చర్యం లేదు.

1934లో జట్టు ఆయన్ని చికాగోకు ఇచ్చేసింది. ఆ సీజను చివర్లో చికాగో చొక్కా తొడుక్కుని మాంట్రియాల్‌లో ఆడి, తన పాత జట్టు మీదే గోలు కొట్టాడు. జనం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తాము పోగొట్టుకున్నదేమిటో అప్పుడు తెలిసొచ్చింది కాబోలు. చికాగో నుంచి 1936 మొదట్లో న్యూయార్కు రేంజర్స్‌కు మారాడు. అక్కడ 19 ఆటలలో రెండే గోళ్ళు. ఇక అయిపోయింది అనుకున్నారు అందరూ.

కాని 1936 సెప్టెంబరులో మాంట్రియాల్ ఆయన్ని వెనక్కి పిలిచింది. పాత కోచ్ సెసిల్ హార్ట్, పాత జోడీ ఆరెల్ జోలియాట్, పాత 7 నెంబరు చొక్కా. వేగం పూర్వమంత లేకపోయినా ఆటలో మళ్ళీ ప్రాణం వచ్చింది. తాను కొట్టడం కంటె పక్కవాడి చేత కొట్టించడం అలవాటు చేసుకున్నాడు. 30 ఆటలలో నాలుగు గోళ్ళు తానుగా కొట్టి, 16 గోళ్ళకు దారి చూపాడు.

1937 జనవరి 28 రాత్రి. మాంట్రియాల్ ఫోరంలో చికాగోతో ఆట. మూలన బిళ్ళ కోసం దూసుకుపోయిన మోరెంజ్ అదుపు తప్పి పడ్డాడు. స్కేటు మొన మైదానం చుట్టూ ఉండే చెక్కగోడలో గుచ్చుకుని ఇరుక్కుపోయింది. వెనకే వస్తున్న ఎర్ల్ సైబర్ట్ ఆయన మీద పడ్డాడు. కాలు విరిగింది, అదీ ఒక్కచోట కాదు. సైబర్ట్ కావాలని చేసింది కాదది, ఆటలో జరిగిన ప్రమాదం. అయినా ఆ నింద సైబర్ట్‌ను చాలాకాలం వదల్లేదు.

ఆసుపత్రిలో మొదట్లో సందడే సందడి. స్నేహితులు, ఆటగాళ్ళు, అభిమానులు గుంపులుగా వచ్చేవారు. రానురాను ఆయనకే అర్థమైంది, ఇక తన ఆట ముగిసినట్లేనని. తిండి తగ్గింది, మనిషి చిక్కిపోయాడు, మనసు చెదిరింది. డాక్టర్లు సందర్శకులను కట్టడి చేయవలసి వచ్చింది. 39 రోజులు మంచం మీద గడిపి, 1937 మార్చి 8న హఠాత్తుగా కన్నుమూశాడు. వయస్సు 34 సంవత్సరాలు.

ఆటకు దూరమైన దిగులుతోనే పోయాడని ఆ ఊరి జనం చాలాకాలం చెప్పుకున్నారు. వైద్యులు చెప్పిన కారణం వేరు. విరిగిన కాలితో కదలకుండా పడుకున్నవారికి కాలి నరాలలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి పైకి పాకితే ప్రాణాపాయం. ఈ సంగతి తెలిసినందువల్లనే ఈనాడు కాలు విరిగినవారికి రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు, వీలైనంత త్వరగా కదిలిస్తారు. 1937లో ఆ మందులు ఇంకా ప్రయోగదశలోనే ఉన్నాయి. దిగులు మాట నిజమే కావచ్చు. కాని చంపింది రక్తపు గడ్డ.

మార్చి 11న ఫోరం మధ్యలో, ఆయన ఎన్నోసార్లు దూసుకుపోయిన చోటనే, శవపేటికను ఉంచారు. వేలాదిమంది లోపల మౌనంగా కూర్చున్నారు. ఒకప్పుడు ఎగతాళి చేసినవాళ్ళు కూడా అందులో ఉండే ఉంటారు.

మరి ఇంట్లోవాళ్ళ సంగతి? భార్య, ముగ్గురు చిన్నపిల్లలు. లక్షలమంది అభిమానం ఇంటి అద్దె కట్టదు గదా. ఆ రోజుల్లో ఆటగాళ్ళకు పెన్షన్ లేదు. పాపం, ఆ పిల్లలు కొంతకాలం అనాథాశ్రమంలో పెరగవలసి వచ్చింది. 1937 నవంబరు 2న ఆ కుటుంబం కోసం సహాయార్థ పోటీ పెట్టారు. 20,000 డాలర్ల దాకా వసూలయ్యింది. విధి ఎంత విచిత్రమో చూడండి. 1934లో తల పగిలి ఆట మానుకున్న ఏస్ బెయిలీ కోసం జరిగిన ఇలాంటి పోటీలోనే మోరెంజ్ స్వయంగా ఆడాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే తన ఇంటికే ఆ సాయం అవసరమయింది. దెబ్బ తగిలినప్పుడల్లా చందా పోగుచేస్తే చాలదని తెలిసిరావడానికి మరో పదేళ్ళు పట్టింది. 1947లో ఆటగాళ్ళకు పెన్షన్ నిధి ఏర్పడింది.

మోరెంజ్ 7 నెంబరును జట్టులో మరెవ్వరికీ ఇవ్వలేదు. 1945లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి వరుసలో ఆయన పేరు చేర్చారు. 1950లో కెనడా పత్రికలవారు అర్ధశతాబ్దపు ఉత్తమ హాకీ ఆటగాడిగా ఎన్నుకున్నారు. కూతురు మరో మేటి ఆటగాడు బెర్నీ జెఫ్రియాన్‌ను పెళ్ళాడింది. మనవడు డానీ అదే జట్టుకు ఆడాడు. మునిమనవడు బ్లేక్ 2012లో 57 నెంబరు చొక్కాతో అదే జట్టుకు ఆడాడు. తాత జెఫ్రియాన్ 5, ముత్తాత 7 కలిపిన నెంబరది. ఆ ఏడాది నవంబరులో మాంట్రియాల్‌లోనే ఒక ఆటలో బ్లేక్ పుర్రె ఎముక చిట్లింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. 2013లో ఆట మానుకుని వేరే పని చూసుకున్నాడు.

ముత్తాతకు దక్కని ఆ రెండో జీవితం మునిమనవడికి దక్కింది.